మందుకు ముందు మాట

ఆ వేసవి మా ఇంట్లో గొడవ ఫ్యాను దగ్గర మొదలైంది. హాల్లో ఫ్యాను రెండు మీద ఉండాలని మా అత్తగారు, ఐదు మీద ఉండాలని మా మరిది. ఒకరు పెట్టి కూర్చోగానే ఇంకొకరు లేచి మార్చేవారు.

"రెండు మీద పెడితే అది తిరుగుతోందో, తిరగాలా వద్దా అని ఆలోచిస్తోందో తెలీదమ్మా," అన్నాడు మరిది.

"ఐదు మీద పెడితే నా పేపరు నీ గదిలోకి ఎగిరొస్తుంది. వస్తే నువ్వేమైనా చదువుతావా?"

"మూడు మీద పెట్టుకోండి," అన్నారు మా ఆయన తల ఎత్తకుండా. ఆయన కరెంటాఫీసులో ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తారు. ఇద్దరినీ సమానంగా నొప్పించి పంపడం ఆయనకు అలవాటు.

"మూడు మీద గాలీ ఉండదు, నిశ్శబ్దమూ ఉండదు," అని అత్తగారు గొంతు పెంచారు.

"అరవకమ్మా, బీపీ పెరుగుతుంది," అన్నారు మా ఆయన.

"నాకేం పెరగదు. మందు మానేసి చాలా రోజులైంది. ఇదిగో, చూడండి." ఆవిడ కుర్చీలోంచే పాదం ఎత్తి చూపించారు. ఎన్నో ఏళ్ళుగా సాయంత్రానికల్లా చీలమండల దగ్గర ఉబ్బి, చెప్పు పట్టీ గుర్తులు పడే కాళ్ళు అవి. ఇప్పుడు ఎముక కనిపిస్తోంది.

ఫ్యాను సంగతి అందరం మరిచిపోయాం.

"ఎవరు మానేయమన్నారు?" అన్నారు మా ఆయన.

"ఎవరేమిట్రా, డాక్టరు! వీడి ఛానల్లోనేగా చెప్పింది. వీడే చేశాడుగా ఆ వీడియో."

మరిది ఫ్యాను వైపు చూస్తూ, "నేను కత్తిరించానంతే," అన్నాడు.

అతని పనే అది. వాళ్ళ ఛానల్లో వారానికోసారి అరగంట పాటు ఆరోగ్య కార్యక్రమం వస్తుంది. అరగంట కూర్చుని చూసే ఓపిక ఇప్పుడెవరికీ లేదు కాబట్టి, దాన్ని ఫోన్లో చూసుకునేందుకు వీలుగా చిన్న చిన్న ముక్కలు చేయాలి. ఆఫీసులో అతణ్ణి అందరూ కత్తెర అని పిలుస్తారు. ఆ పిలుపు అతనికి ఇష్టమే.

ఆ ముక్క నేనూ చూశాను. నెరిసిన జుట్టు, మెడలో స్టెతస్కోపు, ఎక్కడా తడబడని మాట. "మందు మానేయండి. కొన్నాళ్ళకే మీ బీపీ దానంతటదే దారికొస్తుంది." అంతే. పైన పసుపు రంగు పెద్ద అక్షరాలు: మందు మానేస్తే బీపీ మాయం! కింద ఆ డాక్టరు డిగ్రీలు వరసగా ఉన్నాయి. అబద్ధం చెప్పే ముఖం కాదు ఆయనది. నాకు ఇబ్బంది అనిపించింది అక్కడే. అలాంటి మనిషి అలాంటి మాట ఎందుకు అంటాడు?

"దీనికి ముందు ఏమన్నాడాయన?" అని మరిదిని అడిగాను.

"వదినా, అరగంట మాట్లాడాడు. నాకేం గుర్తుంటుంది?"

అతను చేసిన వాటన్నిట్లోకీ ఎక్కువమంది చూసింది ఆ ముక్కనే. ఆఫీసులో చప్పట్లు కొట్టారట. క్లిప్పుల విభాగం మొత్తం అతని చేతికిస్తారన్న మాట కూడా వినిపిస్తోందట. ఇదంతా అతను వాళ్ళమ్మకు ముందే చెప్పి ఉన్నాడు. ఆవిడ మందు మానేయడానికి డాక్టరు సగం కారణమైతే, కొడుకు మిగతా సగం.

మా ఆయన బతిమాలారు, కోప్పడ్డారు, ఆస్పత్రికి వెళ్ళి చూపించుకుందామన్నారు.

"వాళ్ళ మిషను వాళ్ళ మాటే చెప్తుంది," అన్నారు ఆవిడ. "నా కాళ్ళు చెప్తున్నాయి కదా, చాలదూ?"

చివరికి ఆయన వంటింట్లోకి వచ్చి, మాత్ర పొడి చేసి టీలో కలిపి ఇచ్చేయమన్నారు.

"ఆవిడకి తెలియకుండా ఆవిడ నోట్లో నేనేదీ వెయ్యను," అన్నాను.

"అయితే నువ్వే చెప్పి ఒప్పించు."

ఆయన దగ్గర ఎవరి ఫిర్యాదైనా ఇలాగే ముగుస్తుంది.

మా అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ "హలో" అంటే అందులో హ కూడా వినిపించేది. ప్రతి మాటా దేనికది విడిగా, శుభ్రంగా పలికేవారు. పొద్దున టీ తాగి ఫోను దగ్గర కూర్చుంటే, వీధిలో సగం మందికి ఆ రోజు విశేషాలు ఆవిడ నోటి నుంచే అందేవి. అన్నదమ్ముల పిల్లలు, పాత సహోద్యోగులు, ఎదురు వరసలో ఉండే డ్రిల్లు మాస్టారు. ఈయనకు బడి నుంచి విశ్రాంతి దొరికి చాలా కాలమైనా, వీధి పెద్దవాళ్ళందరినీ సాయంత్రం వరసగా నడిపించే పని మాత్రం మానలేదు.

"మాస్టారూ, నేను. ఏం చేస్తున్నారు?"

స్పీకరు పెట్టి మాట్లాడడం ఆవిడకు అలవాటు. కాబట్టి అటువైపు మాటలు కూడా వంటింట్లోకి వినిపించేవి.

"మాత్ర వేసుకోబోతున్నానమ్మా. బీపీది."

"ఆగండి. వేసుకోకండి. ముందు నేను చెప్పేది వినండి."

ఆయన విన్నారు. ఆ సాయంత్రం నడకలో ఆయన చెప్పింది ఇంకొందరు విన్నారు. నేను గిన్నెలు కడుగుతూ, "అత్తయ్యా, మీ సంగతి మీరు చూసుకోండి. వాళ్ళ మాత్రలు ఎందుకు ఆపిస్తున్నారు?" అన్నాను.

"మంచి మాట నాలుగు చెవుల్లో వేస్తే తప్పేమిటమ్మాయ్? నువ్వు చదువుకున్నదానివి, నీకు అన్నీ అనుమానాలే."

ఒప్పిస్తే ఒప్పిస్తాను, ముందు ఇంట్లో మాత్రలు ఉండాలి కదా అని ఒక రోజు మందుల షాపుకి వెళ్ళాను. మెయిన్ రోడ్డు మలుపులో మెట్లు ఎక్కాలి. షాపాయన గల్లా మీద మోచేతులు ఆనించి ఖాళీగా కూర్చుని ఉన్నాడు.

"రండి మేడమ్. మీరైనా వచ్చారు. ఈ మధ్య బీపీ మాత్రలు అడిగే నాథుడు లేడు. పైగా తీసుకెళ్ళినవి తెచ్చి, వెనక్కి తీసుకుంటావా అని అడుగుతున్నారు."

"మీరేం చెప్తున్నారు వాళ్ళకి?"

"నేనేం చెప్పినా, వ్యాపారం కోసం చెప్తున్నాడంటారు. ఆ మహానుభావుడెవరో మందు మానేయమన్నాడు, మానేశారు." అతను గడ్డంతో పక్క గుమ్మం చూపించాడు. అది బారు. పట్టపగలే తలుపు తీసి ఉంది, లోపల్నుంచి గ్లాసుల చప్పుడు వస్తోంది. "అక్కడ చూడండి, ఒక్కడంటే ఒక్కడు మానలేదు. వాళ్ళు అమ్మేదీ మందే, మేం అమ్మేదీ మందే. దెబ్బ మాత్రం మాకొక్కళ్ళకేనా?"

తన జోకుకి తనే నవ్వుకున్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచాడు. మాత్రలు గల్లా మీదే వదిలేశానట.

మరిది సాయంత్రం ఇంటికి రాగానే అతని గదిలోకి వెళ్ళి, "ఆ అరగంటా పెట్టు," అన్నాను.

"ఏ అరగంట?"

"తెలుసు నీకు."

పెట్టాడు. ముందుకి జరపబోతే వద్దన్నాను. ఉప్పు గురించి, నిద్ర గురించి చాలాసేపు నడిచాక యాంకరు అడిగింది: "డాక్టరుగారూ, సాయంత్రమైతే చేతిలో గ్లాసు లేనిదే గడవదనేవాళ్ళు ఉంటారు. ఎన్ని మాత్రలు మింగినా వాళ్ళకి బీపీ ఎందుకు దిగదు?"

డాక్టరు చిన్నగా నవ్వాడు. "అలా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మందు మానేయండి. కొన్నాళ్ళకే మీ బీపీ దానంతటదే దారికొస్తుంది. అలాగని మాత్రలు మాత్రం నన్ను అడక్కుండా ఒక్క పూట కూడా ఆపకండి."

ముందు మాట పోయింది. వెనక మాట పోయింది. కత్తెర చక్కగా పడింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"కత్తిరించేటప్పుడు నిజంగా తెలీదు వదినా. మా ఆఫీసులో మందంటే గ్లాసులో పోసుకునేదే. ఇంకో అర్థం ఉందని తట్టనే లేదు. అది పెట్టిన సాయంత్రం కింద కామెంట్లు చూశాను. మా నాన్న మాత్రలన్నీ పారేశాడు, థాంక్యూ డాక్టర్ అని ఒకడు రాశాడు. అప్పుడు తెలిసింది."

"మరి తీసెయ్యలేదేం?"

"అప్పటికే ఎక్కడికో వెళ్ళిపోయింది. అంతలా వెళ్తున్నదాన్ని తీసేస్తానంటే మావాళ్ళు ఒప్పుకోరు."

"అడిగావా?"

అతను వీడియో ఆపాడు. ఆగిపోయిన బొమ్మలో డాక్టరు నోరు సగం తెరుచుకుని ఉంది.

"అమ్మకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తా."

ఆ రాత్రే చెప్పాడు. అక్కడి వరకు అతణ్ణి మెచ్చుకోవాలి. వాళ్ళమ్మ పక్కన కూర్చుని, మొత్తం పెట్టి చూపించాడు. ఆవిడ చివరిదాకా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే ఆ రోజు అబద్ధం చెప్పావా? ఇవాళ చెప్తున్నావా?"

"ఆ రోజు సగం చెప్పానమ్మా."

"నాకు ఆ సగంతోనే బాగుంది." పాదం ఎత్తి మళ్ళీ చూపించారు. "మాత్ర మింగినన్నాళ్ళూ వాపు. మానేయగానే పోయింది. ఇది కూడా మీరు కత్తిరించిందేనా? ఎవరో నీ మీద ఒత్తిడి తెచ్చారు చిన్నోడా. మందుల కంపెనీలు మాటలా?"

"నా మీద ఒత్తిడి తెచ్చింది వదిన ఒక్కతేనమ్మా!"

"అదే అంటున్నా," అన్నారు నా వైపు చూసి.

మరిది ఆఫీసులో గొడవపడ్డాడు. ఛానలు వాళ్ళు ఆ ముక్క తీసేసి, వివరణ అంటూ ఇంకొకటి పెట్టారు. మా వీధిలో ఆ వివరణ చూసింది నాకు తెలిసి నేనొక్కదాన్నే. పాతది మాత్రం ఎవరెవరి ఫోన్లలోనో నకళ్ళుగా తిరుగుతూనే ఉంది. తీసేశారంటే అందులో ఏదో నిజం ఉండే ఉంటుందన్న మాట కూడా దానికి తోడైంది.

ఎండలు బాగా ముదిరాక ఒక పొద్దున, నేను వంటింట్లో ఉండగా అత్తగారు ఫోను చేస్తున్నారు. "హలో" వినిపించింది. అందులో హ లేదు.

"మాతారూ... మాతారూ, వినపతోందా?"

అటువైపు మాస్టారు, "అమ్మా, ఏమంటున్నారు?" అంటున్నారు.

అత్తగారు ఫోనుని అరచేత్తో తట్టారు. చెవి మార్చారు. "లైను బాలేదు," అన్నారు. అన్నారని నేను అర్థం చేసుకున్నాను. విన్నది మాత్రం అది కాదు. జీవితమంతా ఇతరుల లైన్లు సరిచేసిన మనిషి. మాట చెడితే ఆవిడ అనుమానం వైరు మీదికే పోతుంది. ఫోను పెట్టేసి మళ్ళీ కలపాలని నంబరు నొక్కబోయారు. వేలు అంకె మీద నిలవలేదు. నేను వెళ్ళేసరికి ఫోను ఒళ్ళోకి జారిపోయి ఉంది. పెదవి కుడి మూల కిందికి దిగిపోయి ఉంది. ఆవిడ నా వైపు చూసిన చూపులో భయం లేదు, చిరాకు ఉంది, లైను ఎవరూ బాగుచెయ్యరేం అన్నట్టు.

ఆస్పత్రికి త్వరగా తీసుకురావడం మంచిదైందన్నారు. అక్కడి డాక్టరమ్మ మా అందరికంటే చిన్నది. మెల్లగా కోలుకుంటారని, చేయి, మాట కొంత కొంతగా తిరిగి వస్తాయని, ఎంత వరకు అనేది ఇప్పుడే చెప్పలేనని అంది. కాళ్ళవాపు సంగతి నేను అడిగాను.

"అది ఆ మాత్ర వల్లే. కొందరికి వస్తుంది. వచ్చి చెప్పి ఉంటే వేరే మాత్రకి మార్చేదాన్ని," అంది. ఎవరినీ తప్పుపట్టినట్టు అనలేదు.

వరండాలో మా ఆయన మా ఇద్దరినీ దగ్గరికి పిలిచారు. "ఎవరైనా అడిగితే వడదెబ్బ అని చెప్పండి. అమ్మ పరువు ఉంది, వీడి ఉద్యోగం ఉంది. మిగతాది మన ఇంట్లో సంగతి."



వడదెబ్బ అన్న మాట మేం ఇల్లు చేరేలోపే వీధికి చేరింది. మనుషులు దాని నుంచి నేర్చుకోవలసింది నేర్చుకున్నారు. కిటికీలకి తడి దుప్పట్లు కట్టారు, గొడుగులు కొన్నారు, మధ్యాహ్నం బయటికి రావడం మానేశారు. మందుల షాపులో బీపీ మాత్రలు అలాగే ఉన్నాయి.

ఇంటికి వచ్చాక అత్తగారు ఎవరితోనూ మాట్లాడలేదు. ఫోను మోగితే తల అటు తిప్పుకునేవారు. నోటి మూలకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, నీళ్ళు కావాలన్నా వేలితోనే చూపించేవారు. మాట రాక కాదు. వచ్చే మాట ఆవిడకు నచ్చక.

డ్రిల్లు మాస్టారు చూడడానికి వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. మంచం పక్కన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"ఎండలో ఎందుకు తిరిగారమ్మా? నేను సాయంత్రం నడక కూడా చీకటి పడ్డాకే పెట్టాను. ఇక మిగతా విషయంలో నాకు ఢోకా లేదు. మీ మాట విని మందు మానేశానా, ఇదిగో, రాయిలా ఉన్నాను. మీ చలవే."

అత్తగారి రుమాలు కిందికి దిగింది. "మ..." అన్నారు. "మా..."

"అలిసిపోయింది మాస్టారూ," అన్నారు మా ఆయన, లేచి నిలబడుతూ.

ఆయనతో పాటు గుమ్మం దాకా నేను వెళ్ళాను. ఉన్నవి నాలుగు మెట్లు. రెండు దిగి కమ్మీ పట్టుకుని ఆగారాయన. మెడ మీద చర్మం ఎర్రగా కమిలినట్టుంది. నుదురు నొక్కుకుంటూ, ఈ మధ్య తెల్లవారేసరికి తల దిమ్ముగా ఉంటోందని, అదీ ఎండ వల్లేనని అన్నారు.

"మాస్టారూ, అత్తయ్యది వడదెబ్బ కాదు," అన్నాను. "మాత్రలు ఆపడం వల్ల వచ్చింది. పక్షవాతం. మీరు ఇవాళే వెళ్ళి చూపించుకోండి."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "మీ ఆయన ఒకటి చెప్తాడు, మీరొకటి చెప్తారు. టీవీవాళ్ళు మొన్నొకటి, నిన్నొకటి. ఎవరిది నమ్మను? అమ్మగారు చెప్తే మానేశాను. మళ్ళీ అమ్మగారే చెప్తే వేసుకుంటాను. ఆవిడ కోలుకోనివ్వండి, తొందరేముంది?"

అత్తగారి మంచం ఆ మెట్ల పక్క కిటికీ దగ్గరే. కిటికీ తీసే ఉంది.

ఆ రాత్రి భోజనానికి ఆవిడ బల్ల దగ్గరికి వస్తానని సైగ చేశారు. ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి. నేను ఒక పక్క, మరిది ఒక పక్క పట్టుకుని తీసుకొచ్చాం. అన్నం మెత్తగా కలిపి పెట్టాను. ఎడమ చేత్తో చెంచా పట్టుకోవడం ఆవిడకింకా కుదరడం లేదు. ఎవరమూ అటు చూడకుండా తింటున్నాం. మా ఆయన కరెంటు కోతల గురించి చెప్తున్నారు. మరిది, విభాగం బాధ్యత తనకిస్తామన్నారని, తానింకా ఏ జవాబూ ఇవ్వలేదని అన్నాడు. ఎవరూ అభినందించలేదు, వద్దనీ అనలేదు.

అత్తగారు చెంచా పళ్ళెంలో పెట్టారు.

"రేపు... ఫోను... నా పక్కన పెట్టండి."

ఒక్కొక్క మాటా బరువు మోసినట్టు వచ్చింది. మేం అర్థం చేసుకోవడానికి కాసేపు పట్టింది.

"ఎవరికమ్మా?" అన్నారు మా ఆయన.

"మాత్తారికి. తర్వాత... అందరికీ. నేను... ఎవరెవరికి చేశానో... అందరికీ."

"ఏం చెప్తావు?"

"వడదెబ్బ... కాదని."

మా ఆయన గ్లాసు కింద పెట్టారు. "అమ్మా, డాక్టరు విశ్రాంతి తీసుకోమంది. కొన్నాళ్ళు ఆగితే నీ మాట బాగుపడుతుంది. అప్పుడు చక్కగా మాట్లాడొచ్చు కదా."

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "బాగుపడితే... నమ్మరు."



"నేను చెప్తానమ్మా," అన్నాడు మరిది. "చేసింది నేను. నీ మాట రికార్డు చేసి అందరికీ నేనే పంపిస్తా. నీకు శ్రమ ఉండదు."

"నువ్వొద్దు చిన్నోడా. నువ్వు... కుదిస్తావు."

అది హాస్యమో, శిక్షో అతనికి తెలియలేదు. తల వంచుకుని అన్నం కలిపాడు. "పక్కన కూర్చుని నంబర్లు కలుపుతా. అదైనా చెయ్యనీ," అన్నాడు. ఆవిడ ఒప్పుకున్నట్టు కళ్ళు మూసి తెరిచారు.

"అత్తయ్యా," అన్నాను. "ఈసారి మందు అనకండి."

ఆవిడ నా వైపు చూశారు. రుమాలు పక్కన పెట్టి పెదాలు తడుపుకున్నారు. మేం ముగ్గురం తినడం ఆపేశాం.

"మాత," అన్నారు. అది ఆవిడకే నచ్చలేదు. "మాత్త." అదీ కాదని ఆవిడకే తెలిసింది. నీళ్ళు గుక్కెడు తాగారు. ఎడమ చేత్తో దవడ కొంచెం పైకి నొక్కి పట్టుకున్నారు.

"మాత్ర," అన్నారు. ర వినిపించింది. "ఒక్కొక్కరికి... ఎంతసేపైనా సరే. మాత్ర అనే అంటాను."